వ్యాపార విద్య: కొట్టు గడప నుంచి వాల్తేరు దాకా



ఎం.బి.ఎ. అనే మూడక్షరాల చదువును గురించి ఈవేళ నాలుగు మాటలు చెప్పుకుందాం. ఏ ఊరి బస్టాండు గోడ చూసినా ఆ మూడక్షరాల ప్రకటన ఒకటి కనిపిస్తుంది. ఈ చదువు అమెరికాలో పుట్టిందని చాలామందికి తెలుసు. మన దేశంలో దీన్ని పూర్తికాలపు చదువుగా మొదటిసారి నేర్పిన విశ్వవిద్యాలయం మాత్రం బొంబాయిలోనో కలకత్తాలోనో లేదు. మన బరంపురం నుంచి నాలుగైదు గంటల రైలు ప్రయాణం దూరంలో, వాల్తేరులో ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆ తరగతులు పెట్టింది 1957లో. ఇప్పుడు పేరు మోసిన ఐ.ఐ.ఎం.లు అప్పటికి ఒక్కటీ పుట్టలేదు.

ఆ సంగతికి వచ్చే ముందు, విశ్వవిద్యాలయాలు లేని రోజుల్లో వ్యాపారం ఎవరు ఎవరికి నేర్పేవారో చూద్దాం.

తెలుగులో వచ్చిన తొలి శాస్త్ర గ్రంథాల్లో ఒకటి లెక్కల పుస్తకం. సుమారు తొమ్మిది వందల ఏళ్ళ కిందట పావులూరి మల్లన 'సార సంగ్రహ గణితం' రాశాడు. దానికి మూలం తొమ్మిదో శతాబ్దిలో రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో, అంటే కన్నడ దేశంలో, మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గ్రంథం. ఆ మూల గ్రంథంలో వడ్డీ లెక్కలు, భాగస్తుల మధ్య లాభాల పంపకం, బంగారం మచ్చు కట్టే లెక్కలు వరసగా ఉంటాయి. పేరుకు గణితమే గాని అందులో సగం బజారు వ్యవహారమే. వ్యాపారానికి చదువు కావాలన్న సంగతి మన పెద్దలకు కొత్త కాదన్నమాట.

అయితే ఆ చదువు అందరిదీ కాదు. కొట్టులో పుట్టినవాడికి కొట్టే బడి. షావుకారు ఇంటి పిల్లవాడు పదేళ్ళకే గడప కడిగి, తూకం పట్టి, చిల్లర లెక్కపెట్టి, ఆ తరవాత చిట్టా రాయడం నేర్చేవాడు. చిట్టాలోంచి ఆవర్జాలోకి పద్దు ఎక్కించే పని మరి రెండు మూడేళ్ళకు గాని చేతికి వచ్చేది కాదు. ఎవరికి అప్పు పెట్టవచ్చు, ఎవరికి పెట్టకూడదు అన్నది అన్నిటికన్నా పెద్ద పాఠం. అది ఏ పుస్తకంలోనూ ఉండదు. తండ్రి పక్కన గద్దె మీద కూర్చుంటేనే తెలుస్తుంది. ఆ గద్దె పక్కన చోటు మాత్రం కొడుక్కో, మేనల్లుడికో, మహా అయితే నమ్మిన గుమాస్తా కొడుక్కో దొరికేది. పట్టు నేసే మగ్గం ముందు పుట్టినవాడికి ఆ పట్టు ఎంతకు అమ్ముడుపోతోందో కూడా చెప్పేవారు కారు.

చెప్పకపోవడం ఒక పద్ధతిగానే సాగింది. దక్షిణ దేశపు కులాల గురించి 1909లో ఏడు సంపుటాలు అచ్చువేసిన ఎడ్గర్ థర్‌స్టన్, మన వర్తకులకు ధరలు చెప్పుకోవడానికి వేరే రహస్య భాష ఉండేదని రాశాడు. పశువుల సంతల్లో తుండుగుడ్డ కింద వేళ్ళు పట్టుకుని బేరం చేయడం పెద్దవాళ్ళలో చాలామంది చూసే ఉంటారు. పక్కవాడికి ధర తెలియకూడదు, అదే అందులోని కిటుకు. నన్నడిగితే వ్యాపార విద్య చరిత్ర అంతా ఈ తుండుగుడ్డ పైకెత్తిన చరిత్రే అంటాను.

మొదట దాన్ని పైకెత్తింది రైలు. 1890ల్లో తూర్పు కోస్తా రైలు మార్గం మన గంజాం జిల్లా మీదుగా పడింది. రైలుతో సరుకు రశీదులు వచ్చాయి, ఇన్‌వాయిసులు వచ్చాయి, మద్రాసుకూ కలకత్తాకూ రాసే ఇంగ్లీషు ఉత్తరాలు వచ్చాయి. తెలుగు ఆవర్జా ఎంత చక్కగా రాసినా స్టేషనులో గూడ్సు గుమాస్తాకు అది పనికిరాదు. ఇంగ్లీషులో పద్దు రాసేవాడు, టైపు కొట్టేవాడు కావలసివచ్చాడు. అంతమందిని షావుకారు ఇల్లు ఒక్కటే తయారు చేయలేదు. అందుకు బడులు పుట్టాయి.

దేశంలో తొలి వాణిజ్య పాఠశాల 1886లో మద్రాసులో పచ్చయ్యప్ప ధర్మసంస్థ వారు పెట్టారు. ఈ పచ్చయ్యప్ప మొదలియారు పద్దెనిమిదో శతాబ్దపు మనిషి. పేద ఇంట పుట్టి, కంపెనీ దొరలకు దుబాషీగా పనిచేసి, బోలెడు ధనం గడించి 1794లో పోయాడు. దుబాషీ అంటే రెండు భాషలవాడు. రెండు భాషల మధ్య నిలబడి బతికినవాడి డబ్బుతో దేశంలో మొదటి కామర్సు బడి లేచిందంటే, సరిహద్దులో రెండు భాషలతో బతికే మనబోటి వాళ్ళకు కాస్త ముచ్చటగానే ఉంటుంది. తరవాత 1895లో మద్రాసు ప్రభుత్వం కళ్ళికోటలో ఇలాంటిదే మరొకటి పెట్టింది. ఇది మన ఖల్లికోట కాదండీ, మలబారు తీరపు కోళిక్కోడు. కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో 1903లో వాణిజ్య తరగతులు వచ్చాయి. ఈ బడుల్లో నేర్పింది గుమాస్తా విద్య. పద్దులు, ఉత్తర ప్రత్యుత్తరాలు, టైపు, షార్ట్‌హ్యాండు. యజమాని విద్య ఇంకా ఇంట్లోనే ఉంది.

డిగ్రీ స్థాయికి దాన్ని తీసుకువెళ్ళినది బొంబాయిలోని సిడెన్‌హామ్ కళాశాల. 1913లో మొదలైంది. ఆసియా ఖండంలోనే తొలి కామర్సు కళాశాల అని దానికి పేరు. అక్కడ 1918 నుంచి 1920 దాకా అర్థశాస్త్రం బోధించిన ఆచార్యుడు డాక్టర్ భీమరావు అంబేడ్కర్. అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివి వచ్చిన మనిషి. ఆయన పాఠం వినడానికి విద్యార్థులు ఇష్టంగా వచ్చేవారు. ఆచార్యుల గదిలో మంచినీళ్ళ కుండ దగ్గర మాత్రం తోటి అధ్యాపకులు కొందరు అభ్యంతరం చెప్పారు. షావుకార్ల పిల్లలకు ధనం, మారకం, ధరల గురించి పాఠం చెప్పేది ఎవరు? ఏ కొట్టు గద్దె మీదా కూర్చోనివ్వని ఇంట పుట్టినవాడు. ఈ సంగతి వాణిజ్య విద్య చరిత్రల్లో సాధారణంగా ఒక వాక్యంలో ముగిసిపోతుంది. పుట్టుకతో వచ్చిన విద్యను పరీక్ష రాసి సంపాదించే విద్యగా మార్చడమంటే ఏమిటో ఇంతకన్నా సూటిగా చూపించే ఉదాహరణ నాకు కనపడలేదు.

తెలుగు నేల మీద కూడా అదే రోజుల్లో గద్దె కొంచెం కదిలింది. 1923లో మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకు పెట్టిన భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు చదివింది వైద్యం. వర్తక కుటుంబీకులు కారు. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయే దాకా మన సరిహద్దు పట్టణాల్లో కూడా తెలుగువాళ్ళకు ఒక చుట్టం ఇల్లులాగా ఉండేది.

అమెరికా సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. ఫిలడెల్ఫియాలో జోసెఫ్ వార్టన్ అనే లోహాల పరిశ్రమాధిపతి ఇచ్చిన విరాళంతో 1881లో విశ్వవిద్యాలయంలో వ్యాపార పాఠశాల వచ్చింది. హార్వర్డ్ విశ్వవిద్యాలయం 1908లో ఎం.బి.ఎ. అనే పట్టా మొదలుపెట్టింది. అక్కడా కారణం రైలే. వేల మైళ్ళ రైలు కంపెనీని ఒక కుటుంబం గద్దె మీద కూర్చుని నడపలేదు. సొంతదారు ఒకరు, నడిపేవాడు మరొకరు అయినచోట, ఆ నడిపేవాడికి చదువు కావాలి.

మరి ఇండియాలో అంతకాలం ఎందుకు పట్టింది? ఇక్కడి పెద్ద కంపెనీలను నడిపినవి మేనేజింగ్ ఏజెన్సీలు. ఒక దొరల సంస్థో, ఒక సేఠ్ల కుటుంబమో పది కంపెనీలను తన గుప్పెట్లో పెట్టుకుని, వాటి నుంచి కమీషను తీసుకునేది. కంపెనీ వాటాదార్లది, అధికారం ఏజెంటుది. ఆ ఏజెంటు గదిలోకి చుట్టాలకూ స్వజనానికీ తప్ప వేరేవారికి చోటు లేదు. చదువుకున్న మేనేజరు అక్కడ ఎవరికి కావాలి? 1956 నాటి కంపెనీల చట్టం ఆ ఏజెన్సీలకు పగ్గాలు వేసింది. 1970 ఏప్రిల్‌తో అవి పూర్తిగా రద్దయ్యాయి. ఇంకోవైపు 1955లో స్టేట్ బ్యాంకు, 1956లో జీవిత బీమా సంస్థ, రెండో పంచవర్ష ప్రణాళికలో పెద్ద పెద్ద ప్రభుత్వ కర్మాగారాలు వచ్చాయి. వీటికి షావుకారు లేడు. వీటిని నడిపేవాళ్ళను ఎక్కడి నుంచి తేవాలి అన్న ప్రశ్న నిజంగా అప్పుడే పుట్టింది.

కలకత్తాలో 1953లో సాంఘిక సంక్షేమ, వ్యాపార నిర్వహణ సంస్థ ఒకటి వెలసింది. ఢిల్లీ విశ్వవిద్యాలయం 1950ల నడుమ, ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్ళ కోసం సాయంత్రపు తరగతులు పెట్టింది. ఇవి మంచి ప్రయత్నాలే. అయినా సాయంత్రపు తరగతికి వెళ్ళాలంటే పగలు ఒక కుర్చీ అప్పటికే ఉండాలి కదా. కుర్చీ లేనివాడి సంగతి?

వాల్తేరు ఎం.బి.ఎ. తరగతి ప్రత్యేకత అక్కడ ఉంది. 1957లో అది పూర్తికాలపు చదువుగా వచ్చింది. డిగ్రీ ఉంటే చాలు, ఉద్యోగం ఉండనవసరం లేదు, కొట్టు ఉండనవసరం లేదు. అప్పటి ఉపాధ్యక్షులు డాక్టర్ వాసిరెడ్డి శ్రీకృష్ణ గారు స్వయంగా ఆర్థికశాస్త్రవేత్త. 1949 నుంచి 1961 దాకా ఆ పదవిలో ఉన్నారు. విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి ఈనాటికీ ఆయన పేరే ఉంది.

ఊరు కూడా అందుకు సిద్ధంగా ఉంది. విశాఖ ఓడరేవు 1933లో తెరుచుకుంది. సింధియా కంపెనీ వారి నౌకా నిర్మాణ కేంద్రంలో తయారైన 'జల ఉష' అనే ఓడను 1948లో ప్రధాని నెహ్రూ నీళ్ళలోకి దింపారు. 1952లో ఆ కేంద్రం ప్రభుత్వ ఆధీనంలోకి వచ్చి హిందుస్థాన్ షిప్‌యార్డు అయింది. కాల్టెక్స్ వారి చమురు శుద్ధి కర్మాగారం సరిగ్గా 1957లోనే పని మొదలుపెట్టింది. రేవు, ఓడలు, చమురు మూడూ ఒకే ఊళ్ళో, మూడూ ఏ ఒక్క తెలుగు షావుకారు చేతిలోనూ లేనివి. కలకత్తాలోనో బొంబాయిలోనో అయితే వ్యాపారమంటే ఫలానా వీధి, ఫలానా కుటుంబాలు అని జ్ఞాపకం వస్తుంది. విశాఖలో అలాంటి పాత గద్దెలు తక్కువ. కొత్త చదువు అక్కడ ముందుగా వేరూనడానికి అదొక కారణమని నా అభిప్రాయం.

ఆ తరవాతి కథ మీకు తెలిసిందే. 1961 నవంబరులో కలకత్తాలో, డిసెంబరులో అహమ్మదాబాదులో ఐ.ఐ.ఎం.లు వచ్చాయి. అమెరికా సంస్థల సాయం, ఫోర్డ్ ఫౌండేషను డబ్బు, విక్రమ్ సారాభాయ్ వంటివారి పూనిక వాటికి దొరికాయి. 1973లో బెంగుళూరులో మూడోది వచ్చింది. పత్రికలు రాసేదంతా వాటి గురించే. ఒక ఐ.ఐ.ఎం.లో చేరేవారు ఏటా కొన్ని వందల మంది. దేశంలో ఈ చదువు చదివినవారిలో చాలామంది అవతలి దారిన, అంటే విశ్వవిద్యాలయ శాఖల ద్వారా, అనుబంధ కళాశాలల ద్వారా వచ్చినవాళ్ళే. ఆ దారి వేసింది వాల్తేరు.

ఇక మన సంగతి. ఇది కొంచెం చేదు సంగతి.

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో బెజవాడలో మొదలైనప్పుడు మన గంజాం జిల్లా దాని పరిధిలోనే ఉంది. 1930లో అది వాల్తేరు చేరింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి బరంపురం అటు వెళ్ళింది. అప్పటికీ బరంపురం ఖల్లికోట కళాశాల, 1943లో ఉత్కళ విశ్వవిద్యాలయం వచ్చే దాకా, ఆంధ్ర విశ్వవిద్యాలయంతోనే ముడిపడి ఉంది. అంటే ఇక్కడి తెలుగు పిల్లవాడికీ, ఒడియా పిల్లవాడికీ కూడా వాల్తేరు పట్టా సొంత పట్టాయే. ఆ ముడి తెగిన పద్నాలుగేళ్ళకు అక్కడ ఎం.బి.ఎ. వచ్చింది.

తరవాత ఆంధ్రప్రదేశ్‌లో 1969లోనూ, 1972లోనూ పెద్ద ఉద్యమాలు నడిచాయి. వాటి ఫలితంగా 1973లో ఆరు సూత్రాల పథకం, 1974లో విద్యాసంస్థల ప్రవేశాలపై రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చాయి. విశ్వవిద్యాలయ ప్రాంతాల్లో 85 శాతం సీట్లు స్థానికులకు కేటాయించారు. మిగిలిన 15 శాతానికి కూడా రాష్ట్రంలో పదేళ్ళ నివాసమో, తల్లిదండ్రులకు రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగమో ఉండాలన్నట్టుగా నిబంధనలు పెట్టారు. వెనకబడిన ప్రాంతాలవారికి రక్షణ కోసం వచ్చిన ఉత్తర్వు అది. దాని వెనక ఉన్న బాధ నిజమైనదే. కాని మాతృభాష తెలుగు అన్నది ఆ నిబంధనల్లో ఎక్కడా అర్హత కాదు. బళ్ళారి తెలుగు పిల్లవాడికీ, హోసూరు తెలుగు పిల్లకూ, మన బరంపురం నేతవారి అబ్బాయికీ ఒకే జవాబు వచ్చింది. స్థానికేతరుడు. తుండుగుడ్డ ఒకవైపు పైకెత్తారు, ఇంకోవైపు కప్పారు.

నేను ఉన్నత పాఠశాలలో తెలుగు, ఒడియా రెండూ తెలిసిన పిల్లలకు పాఠాలు చెబుతాను. పదో తరగతి దాకా తెలుగులో చదివి తరవాత ఇంగ్లీషు మాధ్యమంలో కామర్సుకు వెళ్ళే పిల్లలు ఏటా కొందరు ఉంటారు. వాళ్ళు తడబడేది లెక్కల దగ్గర కాదు, మాటల దగ్గర. 'డెబిట్' అంటే కళ్ళు తేలేస్తారు. "మీ నాయన ఖాతాలో ఖర్చు రాస్తాడే, అది" అంటే వెంటనే తెలుస్తుంది. ఖాతా, జమ, ఖర్చు, బాకీ. ఈ మాటల్లో చాలావరకు పారశీకం, అరబ్బీల నుంచి వచ్చి తెలుగులోనూ ఒడియాలోనూ ఒకే రకంగా స్థిరపడ్డవి. బజారులో రెండు భాషలవాళ్ళూ నాలుగు వందల ఏళ్ళుగా వీటితోనే గొడవపడి, వీటితోనే సర్దుకున్నారు. విశ్వవిద్యాలయపు పాఠ్యపుస్తకంలో వీటికి చోటు లేకపోయింది. మన పట్టు బజారులో నేతగాడికి నూలు అప్పు ఇచ్చి చీర వెనక్కి తీసుకునే పద్ధతి మీద ఏ ఎం.బి.ఎ. తరగతిలోనైనా ఒక గంట పాఠం చెప్పి ఉంటే, మన పిల్లలు ఆ తరగతిలో అందరికన్నా ముందు చెయ్యెత్తి ఉండేవారు.

దారులు పూర్తిగా మూసుకుపోలేదు. 1967లో బరంపురానికి సొంత విశ్వవిద్యాలయం వచ్చింది. అందులోనూ వ్యాపార నిర్వహణ శాఖ ఉంది. ఒరిస్సా నివాసులుగా మన పిల్లలకు అక్కడ హక్కు ఉంది. 1985లో ఢిల్లీలో ఏర్పడిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం 1987లో మొదట పెట్టిన రెండు కోర్సుల్లో ఒకటి మేనేజ్‌మెంటు డిప్లొమా. మొదటి విడత ఆ రెండింటిలో చేరినవారు 4,528 మంది. ఇంట్లో ఉండి, ఉద్యోగమో కొట్టో చూసుకుంటూ, తపాలాలో పాఠాలు తెప్పించుకుని చదవవచ్చు. ఎక్కడి స్థానికుడివి అని అడిగేవారు లేరు. సరిహద్దు పట్టణాల వాళ్ళకు అది ఎంత ఊరటో హైదరాబాదులో ఉన్నవాళ్ళకు చెప్పినా అర్థం కాదు.

2015లో ఒకే విడతగా కేంద్ర ప్రభుత్వం విశాఖపట్నంలోనూ, ఒడిశాలో సంబల్‌పూర్‌లోనూ కొత్త ఐ.ఐ.ఎం.లు పెట్టింది. మనకు అటొకటి, ఇటొకటి. అవి కేంద్ర సంస్థలు గనుక స్థానికుడు, స్థానికేతరుడు అన్న పట్టింపు వాటిలో లేదు. ప్రవేశ పరీక్షే మొదటి గడప. విశాఖ ఐ.ఐ.ఎం.కు మొదట సొంత భవనాలు లేవు. గంభీరం దగ్గర కట్టిన శాశ్వత ప్రాంగణాన్ని ప్రధాని 2024 ఫిబ్రవరిలో ప్రారంభించారు. మొదటి బ్యాచి విద్యార్థులు మాత్రం పాఠాలు విన్నది ఆంధ్ర విశ్వవిద్యాలయం ప్రాంగణంలో, 1957లో తొలి ఎం.బి.ఎ. తరగతి కూర్చున్న ఆ వాల్తేరులోనే.